బార్‌లో పిల్లలు, నా నోట్లో తిట్లు

నేను చదివింది రెండో తరగతి వరకే. సంతకం చేస్తాను, బస్సు నంబరు చదువుతాను. అంతకు మించి అక్షరాలతో నాకు పని పడలేదు. అందుకే ఇది నేను చెబుతుంటే నా కూతురు రాస్తోంది. చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను. మధ్యలో పెన్ను ఆపి నా మొహంలోకి చూస్తే ఊరుకోనని ముందే చెప్పాను.

మొదట నా గొంతు సంగతి చెప్పాలి. పెళ్ళికి ముందూ తర్వాతా కలిపి పదిహేనేళ్ళు గుంటూరు మిర్చి యార్డు దగ్గర కాయలకు తొడిమలు తీశాను. ఆ ఘాటుకి గొంతు లోపలంతా గీసుకుపోయి బొంగురుపోయింది. మళ్ళీ బాగుపడలేదు. నేను మెల్లగా మాట్లాడినా ఎవరినో తిడుతున్నట్టే ఉంటుంది. గుంటూరులో అదొక లోపమని ఎవరూ అనుకోలేదు, అక్కడ అందరివీ అవే గొంతులు. అమెరికా వచ్చాకే తంటా. మేముండే ఊరు ట్రాయ్, అక్కడ మా అపార్ట్‌మెంట్ గోడలు పల్చన. ఫోన్‌లో నేను దోసకాయ పప్పు సంగతి మాట్లాడుతుంటే పక్కింటావిడ తలుపు కొట్టి, అంతా బాగానే ఉందా అని అడిగి వెళ్ళేది. ఉల్లిపాయలు ఎక్కడున్నాయని అడిగితే కొట్లో అమ్మాయి ఒక అడుగు వెనక్కి వేసేది. కూతురు రోజుకి పదిసార్లు, అమ్మా మెల్లగా, అమ్మా మెల్లగా అనేది. ఇదుగో, రాస్తూ నవ్వుతోంది.

ఇంత పెద్ద దేశంలో నా గొంతుకి పని దొరికింది ఒక్క చోటే. బార్‌లో.

కంగారు పడకండి, నేను తాగేది అల్లం సోడా. మా ఆయన కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. లైన్‌లో ఆయన పక్కన నిలబడే తెల్లాయనకి ఈ ఊరి ఫుట్‌బాల్ జట్టంటే ప్రాణం. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే హెల్మెట్లు పెట్టుకుని గుద్దుకునే ఆట. మాది అది కాదు, కాలితో బంతిని తన్నేది. పిల్లలు దాన్ని సాకర్ అంటారు. ఒక శనివారం ఆయన మా ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్ళాడు. ఇక అంతే, ప్రతి శనివారం మా ఆయన మెడలో జట్టు కండువా వేసుకుని బయల్దేరేవాడు. స్టేడియం ఎదురుగా ఇటుకల గోడల బార్ ఒకటుంది. అభిమానుల సంఘం వాళ్ళు కలిసేది అక్కడే. మెట్లెక్కగలిగినవాళ్ళు స్టేడియంలోకి పోతారు. మోకాళ్ళ నొప్పులవాళ్ళు, టికెట్ దొరకనివాళ్ళు బార్‌లోనే పెద్ద టీవీ ముందు కూర్చుని అరుస్తారు.

మా ఆయన పోయి నాలుగేళ్ళయింది. పెద్దకర్మ అయిన వారానికి ఆ లైన్‌లో పక్కాయన మా ఇంటికొచ్చాడు. ఆరడుగుల మనిషి, బోడిగుండు. సంఘంలో పెద్ద డోలు వాయించేది ఆయనే. మా ఆయన కండువా బార్‌లోనే ఉండిపోయిందట, మడతపెట్టి తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఆయన కుర్చీ అలాగే ఉంచామని, శనివారం వచ్చి కూర్చోమని చెప్పాడు. నాకొచ్చిన ఇంగ్లిషుకి అంత వరకు అర్థమైంది. అప్పటి నుంచి ఆయన్ని అన్నయ్యా అని పిలుస్తున్నాను. ఆ మాటకి అర్థం తెలుసుకున్నాక అందరికీ నన్ను తన చెల్లెలని చెబుతాడు.

గుంటూరులో మా పెద్దత్తకి ఈ సంగతి ఎవరు చేరవేశారో తెలియదు. ఫోన్ చేసి, ముండమోసి నెల తిరక్కుండా బార్‌కి పోతావా అని కడిగేసింది. ఆ రోజంతా అన్నం తినలేదు. శనివారం మాత్రం వెళ్ళాను.

వెళ్ళిన మొదటి రోజే రిఫరీ మన జట్టువాడిని అన్యాయంగా బయటికి పంపించాడు. అందరూ ఇంగ్లిషులో ఏవేవో అంటున్నారు. నేనూ లేచాను. నోటికి వచ్చింది తెలుగే. ‘నీ మొహం మండ’ అన్నాను. మిర్చి యార్డు గొంతు కదా, బార్ మొత్తం ఒక్క క్షణం ఆగి నా వంక చూసింది. అన్నయ్య డోలు మీద ఒక్కటి కొట్టాడు. ఆ తర్వాత అందరూ చప్పట్లు. ఆ అరుపే కావాలి, ఇంకోసారి అరవమన్నట్టుగా చేతులు ఊపారు. అప్పటి వరకు మెల్లగా, మెల్లగా అన్నవాళ్ళే తప్ప, ఇంకా గట్టిగా అన్నవాళ్ళు ఈ దేశంలో నాకు తగల్లేదు.

ఇక నాకు పట్టపగ్గాలు లేవు. రిఫరీకి ఒక తిట్టు, గీత పక్కన జెండా ఎత్తేవాడికి ఒకటి, బంతిని ఆకాశానికి తన్నే మన కుర్రాళ్ళకి ఇంకోటి. తెలుగు తెలిసినవాడు ఒక్కడు కూడా లేడు. నా నోరు నా ఇష్టం. అక్కడున్న వాళ్ళంతా నేనేదో మంత్రాలు చదువుతున్నానని, జట్టుకి దీవెనలు ఇస్తున్నానని అనుకునేవారు. నేనూ కాదనలేదు.

పోయిన ఏడాది నా కూతురికి ఆసుపత్రిలో శనివారం డ్యూటీ పడింది. అది నర్సు. ఏడేళ్ళ మనవరాలు శనివారాలు నా దగ్గరే. పిల్లని వదిలి బార్‌కి పోలేను, బార్ వదిలి ఉండలేను. ఇద్దరం వెళ్ళాం. బార్ ఓనరమ్మ మంచిది, పిల్లకి నా పక్కనే ఎత్తు స్టూలు వేసి బంగాళదుంప వేపుడు పెట్టింది. పిల్లకీ నచ్చింది. దానికి తెలుగు వచ్చినంత వరకు అన్నం, నీళ్ళు, చెప్పులు, పడుకో, ఇంతే అనుకున్నాను. నేను చేసిన పొరపాటు అక్కడే. దాని ముందు ఏడాది పొడుగునా నోరు కట్టుకోకుండా తిట్టాను. అది వేపుడు తింటూ టీవీ చూసేది. ఒక్కసారి కూడా తల తిప్పలేదు.

మమ్మల్ని చూసి ఇంకొందరు పిల్లల్ని తేవడం మొదలుపెట్టారు. ఒకాయన ముగ్గురు చిన్నపిల్లల్ని తెచ్చాడు. వాళ్ళు కాళ్ళ సందుల్లో పరుగులు పెట్టారు. ఎవరి చేతిలోదో గ్లాసు వొలికి ఒక పిల్లాడి తల తడిసింది. అదే సమయానికి మనవాళ్ళు గోల్ వదిలేశారు, మూల నుంచి ఒకడు నోటికొచ్చిన బూతు అన్నాడు. ఆ పిల్లల తల్లి వచ్చాక పెద్ద గొడవ. ఇలాంటి చోటికి పిల్లల్ని ఎలా రానిస్తారని ఆవిడ ఫోన్‌లో అందరూ చదివేలా రాసి పెట్టింది. ఓనరమ్మ భయపడింది. పిల్లల్ని రానివ్వాలా వద్దా మీరే తేల్చుకోండి, ఏది చెబితే అది బోర్డు పెడతానంది. సంఘం వాళ్ళు ఆదివారం మధ్యాహ్నం మీటింగు పెట్టారు.

పిల్లలు వద్దని గట్టిగా అన్నది ఎవరనుకున్నారు, అన్నయ్యే. మీటింగుకి ముందే నా దగ్గరికొచ్చి చెప్పాడు, దాచుకోలేదు. ఇంట్లో మనవళ్ళ ముందు నోరు కట్టుకుంటాడట, చర్చిలో కట్టుకుంటాడట, డాక్టరు ముందు, కోడలి ముందు కట్టుకుంటాడట. ఫ్యాక్టరీ ఉన్నప్పుడు అక్కడైనా నోరు విప్పేవాడు, ఇప్పుడు రిటైరయ్యాడు. వారం మొత్తంలో రెండు గంటలు మనిషిలా అరుచుకునే చోటు ఇదొక్కటే, దాన్ని బాలవాడి చేస్తే నేనెక్కడికి పోవాలి అన్నాడు. నీ మనవరాలి మీద నాకేం కోపం లేదు, అది బంగారం, కానీ ఒక్కదాన్ని రానిస్తే అందరినీ రానివ్వాలి అన్నాడు.

ఆయన తప్పు మాట్లాడుతున్నాడని నాకనిపించలేదు. నేను వెళ్ళేదీ అందుకే కదా. కానీ పిల్లలు వద్దంటే నేనూ వద్దన్నట్టే. శనివారం పిల్ల నాది. దాన్ని ఎవరి దగ్గర వదలను? ఆ కుర్చీ, ఆ అరుపు, ఆ డోలు, అన్నీ పోతాయి. మళ్ళీ అపార్ట్‌మెంటు, మళ్ళీ మెల్లగా, మెల్లగా. అందుకని మీటింగులో మాట్లాడాలనుకున్నాను.

అక్కడ మాట్లాడేవాళ్ళు డోలు పక్కన నిలబడాలి. మాట మరీ పొడుగైతే అన్నయ్య ఒక్క దెబ్బ వేస్తాడు, దిగిపోవాలి. నా ఇంగ్లిషు నలుగురిలో నిలబడేది కాదు. అందుకని మనవరాలిని వెంట నిలబెట్టుకున్నాను. నేను తెలుగులో చెప్పేది అది ఇంగ్లిషులో చెప్పాలి. కారులోనే దానికి గట్టిగా చెప్పాను, నేనేం చెబితే అదే చెప్పాలి, ఒక్క మాట మింగొద్దు, ఒక్క మాట కలపొద్దు అని. సరేనని తలూపింది.

నా వంతు వచ్చింది. పిల్ల డోలంత ఎత్తు కూడా లేదు. మా ఆయన సంగతి చెప్పాను, అది చెప్పింది. శనివారం డ్యూటీ సంగతి చెప్పాను, చెప్పింది. బాగానే సాగుతోంది, అక్కడక్కడ తలలు ఊగుతున్నాయి. ఆ ఊపులో నాకు ధైర్యం ఎక్కువైంది.

“ఏడాది నుంచి ఈ పిల్ల నా పక్కనే కూర్చుంది,” అన్నాను. “ఈ చోట దాని చెవిన చెడ్డమాట పడితే అది మీ వల్లేగానీ నా వల్ల కాదు. నా నోట్లోంచి ఒక్కటంటే ఒక్క పాడుమాట రాలేదు.”

పిల్ల చెప్పలేదు. నా వంక చూసింది.

“చెప్పవే,” అన్నాను.

“అమ్మమ్మా, అది ట్రూ కాదు కదా.”

“నువ్వు చెప్పు ముందు.”

“నువ్వే చెప్పావ్, ఏదీ కలపొద్దు అని. అబద్ధం చెప్తే కలిపినట్టే కదా?”

అన్నయ్య వంగి, ఏమైంది కిడ్డో అని అడిగాడు. అది చెప్పేసింది. మా అమ్మమ్మ తాను చెడ్డమాట అననని చెప్పమంటోంది, కానీ అంటుంది, ప్రతి మ్యాచ్‌లో అంటుంది. అంత ఇంగ్లిషు నాకూ వచ్చు. భూమి చీలితే దూరిపోదామనుకున్నాను.

వెనక నుంచి ఎవరో, ఏమంటుందేమిటి అని అడిగారు. పిల్ల వేళ్ళు మడిచి చెప్పడం మొదలుపెట్టింది. ‘నీ మొహం మండ’ అంటే రిఫరీ ముఖానికి నిప్పంటుకోవాలట. ‘నీ నోట్లో మన్ను పడ’ అంటే అతను విజిల్ ఊదకుండా ఎవరైనా నోటి నిండా మట్టి పొయ్యాలట. ‘నీ చెయ్యి పడిపోను’ అనేది జెండా ఎత్తేవాడికి, ఆ చెయ్యి భుజం దగ్గర ఊడి గడ్డిలో పడాలట. ‘నీ కాళ్ళు విరగ’ అనేది మన తొమ్మిదో నంబరు వాడికి, అది నిజంగా కాదు, ప్రేమతో. ఈ చివరి ముక్క దాని సొంతం. కలపొద్దన్నాను కదా, అక్కడ మాత్రం నన్ను కాపాడటానికి కలిపింది.

ముందు కౌంటర్ వెనక ఓనరమ్మ నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత ఇక ఆగలేదు, బల్లలు గుద్దుకుంటూ నవ్వారు. నాలుగేళ్ళుగా దీవెనలనుకున్నారు కదా. చెయ్యి ఊడి గడ్డిలో పడటం ఒకాయనకి ఎంత నచ్చిందో, కళ్ళు తుడుచుకుంటూ మళ్ళీ చెప్పించుకున్నాడు.

అప్పుడు పిల్ల ఇంకో వేలు మడిచింది.

“ఇంకోటి ఉంది. ముండాకొడకా. కొడుకు అంటే సన్. ఫస్ట్ పార్ట్ నాకు రాదు. ఏంటి అమ్మమ్మా అది?”

ఇక్కడ నా కూతురు పెన్ను కింద పెట్టింది. ఈ మాట రాయనంటోంది. రాయవే, అది లేకుండా ఇదంతా ఎందుకు చెబుతున్నాను అన్నాను. రాసింది.

ఏం చెప్పను దానికి? మొగుడు పోయిన ఆడదాన్ని అనే మాట అది. మా పెద్దత్త ఫోన్‌లో నన్నన్నది ఆ మాటే. దానికి నేను అన్నం మానేసి ఏడ్చాను, మళ్ళీ ఆ శనివారమే పోయి ఎవడో రిఫరీ తల్లిని పట్టుకుని అదే మాట అన్నాను. ఒక్కసారి కాదు, ఎన్ని వందల సార్లో. నోటికి అలవాటైన మాట, అది ఎవరికి తగులుతుందో చూసుకోలేదు. నాకే తగులుతోందని ఆ పిల్ల అడిగే వరకు తట్టలేదు. మనుషులంతా అర్థం కోసం చూస్తున్నారు.

“అది మంచి మాట కాదమ్మా. అది చెప్పొద్దు,” అన్నాను.

అది అందరి వైపు తిరిగి, అది మంచి మాట కాదట, చెప్పొద్దంది అని ఇంగ్లిషులో చెప్పింది. ఇంత నిఖార్సయిన పిల్లని ఎక్కడా చూడలేదు.

అన్నయ్యకి ఊతం దొరికింది. చూశారా, నేను చెప్పేది ఇదే అన్నాడు. ఎవరికైనా అలాంటి మాట ఒకటుంటుంది, దాన్ని ఎక్కడో ఒకచోట వదలాలి, మా చెల్లెలికి కూడా ఉంది, పిల్లల్ని రానిస్తే ఇక ఆమె ఎక్కడ వదులుతుంది అన్నాడు. ఎగతాళికి అనలేదు, నా తరఫునే మాట్లాడాడు. కొంతమంది అవునన్నారు. ఓటు అటు పోతోందని నాకు తెలిసిపోయింది. నవ్వు వేరు, ఓటు వేరు.

పిల్ల భుజం మీద చెయ్యి వేశాను. ఇది చెప్పినట్టు చెప్పు అన్నాను.

“అన్నయ్యా, ఆ మాట లేకపోయినా నాకు గడుస్తుంది. ఈ పిల్ల లేకపోతే గడవదు. మిగతా తిట్లు ఉన్నాయిగా, రెండు గంటలకి నాకు చాలు. నీకు చాలకపోతే కొన్ని నీకూ ఇస్తాను.”

పిల్ల చెప్పింది. అన్నయ్య గుండు నిమురుకున్నాడు. ఆ ముఖం మండేది ఎలా అనాలో ఇంకోసారి చెప్పమన్నాడు. చెప్పాను. అన్నాడు. ‘మండ’ దగ్గర ఆయన నాలుక తిరగలేదు, పిల్ల దిద్దింది. మళ్ళీ అన్నాడు. డోలు మీద మూడు దెబ్బలు వేసి, ఆ దెబ్బల మీద అన్నాడు. బార్ అంతా అందుకుంది.

తర్వాత ఓటు. పిల్లలు రావచ్చనేవాళ్ళు కండువాలు తల మీదికి ఎత్తాలి. లెక్కపెట్టాల్సిన పని లేకుండా లేచాయి. అన్నయ్య మాత్రం ఎత్తలేదు. మాట మీద నిలబడే మనిషి. ఆయనతో పాటు ఎత్తని ఐదారుగురి కోసం ఓనరమ్మ వెనక గదిలో చిన్న టీవీ పెట్టిస్తానంది. అక్కడ ఎవరేమన్నా అడిగేవాళ్ళు ఉండరు, పిల్లలు ఆ గుమ్మం దాటరు. పగటి మ్యాచ్‌లకి పిల్లలు పెద్దవాళ్ళతో రావచ్చు, కిటికీ వైపు కూర్చోవాలి, పరుగులు లేవు. చీకటి పడ్డాక ఆడే మ్యాచ్‌లకి పిల్లలు లేరు. నాకు అన్నీ సరే.

ఇంటికెళ్ళే దారిలో పిల్లని తిట్టాలో ముద్దుపెట్టుకోవాలో తెలియలేదు. ఇన్నాళ్ళూ అర్థమవుతుంటే నాకెందుకు చెప్పలేదే అన్నాను. చెబితే ఆపేస్తావు కదా అంది.

తర్వాతి శనివారం కిటికీ వైపు పదిమంది పిల్లలున్నారు. అన్నయ్య డోలు బయటి గదిలో వదిలేసి, చెప్పిన మాట ప్రకారం వెనక గదిలోకి వెళ్ళి కూర్చున్నాడు. మొదటి సగం అయ్యే సరికి గ్లాసు పట్టుకుని బయటికొచ్చాడు. ఏమైందని ఓనరమ్మ అడిగితే, లోపల అందరూ తిట్టేవాళ్ళే, వినేవాడే లేడు, మజా లేదు అన్నాడు. మళ్ళీ వెనక్కి వెళ్ళలేదు.

ఆట అయిపోవడానికి కొద్ది నిమిషాల ముందు మనవాళ్ళ మీద పెనాల్టీ ఇచ్చాడు రిఫరీ. అన్యాయం. తన్నలేదు, పడలేదు, ఏమీ లేదు. లేచి నిలబడ్డాను. ఆ మాట నాలుక చివరికొచ్చేసింది. సగం బయటికొచ్చిందేమో కూడా. పక్కకి చూస్తే పిల్ల టీవీ చూడటంలేదు, నా నోటి వంక చూస్తోంది. నోరు మూశాను. ముక్కుతో గాలి పీల్చుకున్నాను. ‘నీ నోట్లో మన్ను పడ’ అన్నాను. అంత గట్టిగా ఎప్పుడూ అనలేదు. వెనకాలే డోలు, దాని వెనక కిటికీ వైపు పిల్లలు.

పెనాల్టీ గోల్ అయింది. ఓడిపోయాం.

కోట్లు వేసుకుంటుంటే పిల్ల నా చెయ్యి పట్టుకుంది.

“అమ్మమ్మా, అది అనబోయావ్ కదా.”

“అనలేదుగా.”

“అనలేదు,” అని ఒప్పుకుంది.